రేకు, రబ్బరు, రొద: జీపు తరహా వాహనాల లోపలి శబ్దం

జంషెడ్‌పూర్ నుంచి ఖర్‌కాయీ నది దాటి, ఆదిత్యపూర్ మీదుగా పడమటికి వెళితే వచ్చే గమ్హరియా, సరాయికెలా ఖర్సావాన్ జిల్లాలోని పారిశ్రామిక పట్టణం. టాటానగర్ నుంచి చక్రధర్‌పూర్ వైపు సాగే రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరి పరిసరాలదాకా ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ విస్తరించి ఉంది. 1945లో ఆవిరి రైలింజన్ల తయారీ కోసం జంషెడ్‌పూర్‌లో పుట్టిన టెల్కో, 1954 నుంచి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీకి మళ్లగా, వాటికి కావలసిన విడిభాగాలు చేసే చిన్నా పెద్దా వర్క్‌షాపులు ఈ వాడలో ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. ఉక్కు పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరలివచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరాన్నీ కద్మాలో ఆంధ్ర అసోసియేషన్‌నూ నిలుపుకొన్న తెలుగు కుటుంబాలకు రేకు చేసే మోత తరతరాలుగా పరిచితమైనదే. అయితే ఆ మోత వాహనం లోపలికి ఎలా వస్తుంది, దాన్ని ఏ పదార్థం ఎంతవరకు ఆపగలదు అన్నది మాత్రం రేకును చూసి ఊహించగలిగే విషయం కాదు.

గమ్హరియా నుంచి దక్షిణంగా చాయిబాసా మీదుగా నోవాముండీ ఇనుప ఖనిజపు గనుల వైపో, ఉత్తరాన దల్మా కొండల వైపో వెళ్లే దారుల్లో జీపు తరహా వాహనాల అవసరం ఎక్కువ. ఎర్రమట్టి, గుంతలు, ఖనిజం మోసే లారీల బరువుకు చితికిన తారు, వానాకాలంలో బురద ఉన్నచోట నేల నుంచి ఎత్తుగా ఉండి, నాలుగు చక్రాలకూ శక్తినందించే బండి తప్పదు. అటువంటి బండిని అటువంటి దారికి తగినట్టు చేసే లక్షణాలు, అంటే గరుకైన టైర్లు, విడిగా ఉండే బరువైన షాసీ, నాలుగు చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఊడదీయడానికి వీలైన టాపు, నిట్టనిలువు అద్దం, ఇవన్నీ ఒక్కటీ మినహాయింపు లేకుండా రొదను పెంచేవే. కాబట్టి ఈ తరహా వాహనంలో శబ్దాన్ని తగ్గించడమంటే కారుకు చేసిన పనినే ఇక్కడా చేయడం కాదు. దాని స్వభావంతో కొంతమేర రాజీపడటం కూడా ఆ పనిలో భాగమే.

శబ్దం వచ్చే రెండు దారులు

వాహనం లోపల కూర్చున్నవారి చెవికి శబ్దం రెండు మార్గాల్లో చేరుతుంది. ఇంజను, ఎగ్జాస్టు, టైర్లు, ఎదురుగాలి ముందుగా బయటి గాలిని కదిలిస్తే, ఆ గాలి అలలు రేకునూ అద్దాన్నీ తోసి, కంతల గుండా నేరుగా చొరబడి లోపలికి వచ్చేది గాలి మార్గం. ఇంజను కుదుపులు మౌంటుల గుండా, చక్రాల అదురు సస్పెన్షన్ బుష్‌ల గుండా షాసీకి, అక్కడి నుంచి క్యాబిన్ రేకులకు చేరి, ఆ రేకులే స్పీకరు పొరల్లా ఊగి లోపలి గాలిని మోగించేది లోహ మార్గం. మొదటిదాని వాటా ఎక్కువ పౌనఃపున్యాల్లో, అంటే సెకనుకు 500 కంపనాలకు పైబడిన కీచు, హోరు, ఈల వంటి ధ్వనుల్లో ఎక్కువ. రెండోదాని వాటా 200 హెర్ట్జ్ లోపు గుమ్ముమనే, దడదడలాడే ధ్వనుల్లో ఎక్కువ. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. శబ్దనిరోధక పదార్థాల మీద డబ్బు వృథా కావడానికి ప్రధాన కారణం, లోహ మార్గంలో వస్తున్న రొదకు గాలి మార్గపు మందు వేయడం, లేదా దీనికి విరుద్ధంగా చేయడం.

డెసిబెల్ అనే కొలమానం కూడా ఈ పొరపాటుకు తోడవుతుంది, ఎందుకంటే అది మామూలు కూడికకు లొంగదు. టైర్లు 70, ఇంజను 70, గాలి 70 డెసిబెళ్ల చొప్పున రొద చేస్తున్న బండిలో మొత్తం 210 కాదు, దాదాపు 75. వాటిలో ఒకదాన్ని పూర్తిగా మాయం చేసినా మొత్తం 73కే దిగుతుంది. రెండు డెసిబెళ్ల తేడాను శ్రద్ధగా వింటే తప్ప చెవి పట్టించుకోదు. ధ్వని సగానికి తగ్గిందని మనిషికి అనిపించాలంటే ఇంచుమించు 10 డెసిబెళ్లు తగ్గాలి. ఇక టైర్లు 76, గాలి 66 చేస్తున్నప్పుడు గాలి హోరును సమూలంగా తొలగించినా మొత్తంలో పోయేది అర డెసిబెల్ కూడా ఉండదు. అందుకే ఏ వాహనంలోనైనా ముందుగా తేల్చుకోవలసింది అక్కడ పెద్ద గొంతు ఎవరిదన్న సంగతి. చిన్న గొంతులను ఎన్నింటిని నొక్కినా ఫలితం కనిపించదు.

ఆ పెద్ద గొంతును పరికరాలు లేకుండానే కొంతవరకు పసిగట్టవచ్చు. నిలిపిన బండిలో ఇంజను వేగాన్ని పెంచినప్పుడు రొద పెరిగితే అది ఇంజనుది. వేగంగా పోతున్న బండిని ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్‌లోకి తెచ్చినా తగ్గక, నున్నటి తారు మీదికి రాగానే తగ్గితే అది టైర్లది. గాలి హోరు వేగంతో అతివేగంగా పెరుగుతుంది: గాలి వస్తువుల అంచులను ఒరుసుకుంటూ పుట్టించే ధ్వనిశక్తి వేగపు ఆరో ఘాతాన్ని అనుసరిస్తుంది గనుక వేగం రెట్టింపయితే ఆ హోరు 18 డెసిబెళ్ల దాకా పెరుగుతుంది, అదే పరిస్థితిలో టైర్ల రొద 9 నుంచి 12 డెసిబెళ్లు పెరుగుతుంది. ఆదిత్యపూర్–కాండ్రా రోడ్డు రద్దీలో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి గాలి హోరు ఒక సమస్యే కాదు. హైవే ఎక్కి 90 దాటిన అదే బండిలో అద్దాల పైఅంచు నుంచి వచ్చే ఈల అన్నింటినీ మించిపోవచ్చు.

ఇంజను నుంచి వచ్చే గుమ్ము అనే ధ్వనిని విడిగా చూడాలి, ఎందుకంటే దుకాణాల్లో అమ్మే షీట్లు ఏవీ దాన్ని సరిగా తాకలేవు. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ఒక్కో ఇంజను భ్రమణానికి రెండుసార్లు ఇంధనం మండుతుంది. అంటే నిమిషానికి 2500 భ్రమణాల వద్ద సెకనుకు దాదాపు 83 కుదుపులు. మరోవైపు రెండు మీటర్ల పొడవున్న క్యాబిన్‌లోని గాలికి తనదైన అనునాదం, అంటే తేలికగా ఊగే సహజ పౌనఃపున్యం ఉంటుంది. ముందు గోడ నుంచి వెనుక గోడ దాకా సగం తరంగం పట్టినప్పుడు అది సుమారు 85 హెర్ట్జ్. ఈ రెండూ ఒకచోట కలిసినప్పుడు చెవుల్లో బరువు పెట్టినట్టుగా ఉండే గుమ్ము పుడుతుంది, ఇంజను వేగాన్ని రెండు మూడు వందల భ్రమణాలు పెంచినా తగ్గించినా అది చాలావరకు పోతుంది. ఈ తరంగపు పీడనం రెండు కొసల్లో ఎక్కువ, నడుమ తక్కువ గనుక, అదే బండిలో వెనుక సీటులో ఉన్నవారు తలనొప్పి అంటుంటే మధ్యలో ఉన్నవారికి ఏమీ అనిపించకపోవడం సహజం. అరిగిన ఇంజను మౌంటులు, గట్టిపడిన ఎగ్జాస్టు హ్యాంగరు రబ్బర్లు, షాసీకీ క్యాబిన్‌కూ నడుమ ఉండే బాడీ బుష్‌లు, వీటిని మార్చడమే దీనికి చికిత్స. పదేళ్ల బండిలో ఈ రబ్బర్లు గట్టిపడి ఉంటే, వేల రూపాయల షీట్ల కంటే ఒక జత కొత్త బుష్‌లు ఎక్కువ మేలు చేస్తాయి.

టైర్ల లెక్క కూడా ఇటువంటిదే. బురదలో పట్టు కోసం పెద్ద పెద్ద దిమ్మలతో చేసిన మడ్ టెర్రైన్ టైరు చుట్టుకొలత 2.4 మీటర్లు, దాని చుట్టూ 30 దిమ్మలు ఉన్నాయనుకుంటే, గంటకు 72 కిలోమీటర్ల వేగంలో అవి సెకనుకు 250 సార్లు రోడ్డును కొడతాయి. దిమ్మలన్నీ ఒకే కొలతలో ఉంటే ఈ దెబ్బలన్నీ ఒకే స్వరంగా కూడి ఊళ పెడతాయి గనుక, తయారీదారులు దిమ్మల పొడవును కావాలనే హెచ్చుతగ్గులుగా చేసి ఆ ఊళను విస్తృతమైన రొదగా చెదరగొడతారు. టైరు లోపలి గాలికి కూడా, ఈ కొలతల్లో, 190 హెర్ట్జ్ దరిదాపుల్లో అనునాదం ఉంటుంది. గుంతలో పడినప్పుడు వినిపించే బోలు మోత అదే. నెలకొకసారి బురద చూసే బండికి నెలంతా మడ్ టెర్రైన్ టైర్లు వేసి, ఆ రొదను షీట్లతో ఆపాలనుకోవడం తప్పు లెక్క. ఆల్ టెర్రైన్ రకం టైర్లకు మారడం ఆ పని మొత్తం మీద అత్యంత ఫలవంతమైన మార్పు.

బరువు లెక్క

గాలి మార్గంలో వచ్చే ధ్వనిని ఆపే గోడకు ఉండవలసిన మొదటి గుణం బరువు. చదరపు మీటరుకు ఎన్ని కిలోలున్న పొర అయితే అంతగా కదలడానికి మొరాయిస్తుంది. ఈ బరువు రెట్టింపయినా, ధ్వని పౌనఃపున్యం రెట్టింపయినా నిరోధం 6 డెసిబెళ్లు పెరుగుతుందన్నది ధ్వనిశాస్త్రంలో ద్రవ్యరాశి నియమం. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 6.3 కిలోలు తూగుతుంది; ఈ నియమం ప్రకారం అది 1000 హెర్ట్జ్ వద్ద 29 డెసిబెళ్లు, 100 హెర్ట్జ్ వద్ద 9 డెసిబెళ్లు మాత్రమే అడ్డుకోగలదు. చదరపు మీటరుకు ఒక కిలో తూగే గుడ్డ టాపు 1000 హెర్ట్జ్ వద్ద 13 డెసిబెళ్లు ఆపితే ఎక్కువ. 2010లో వచ్చిన మహీంద్రా థార్ తొలి రూపాన్ని గుడ్డ టాపుతో నడిపినవారు తలుపులకూ నేలకూ ఎన్ని షీట్లు అంటించినా మాటలు వినిపించడానికి గొంతు పెంచవలసి వచ్చేది ఇందుకే. తలపైనున్న బలహీనమైన గోడే మొత్తం పెట్టె నిరోధాన్ని నిర్ణయిస్తుంది. 2020లో వచ్చిన రెండో తరం థార్‌కు ఫ్యాక్టరీ నుంచే గట్టి టాపు దొరకడం శబ్దపరంగా ఏ షీటూ ఇవ్వలేనంత పెద్ద మార్పు.

ఈ నియమం ఉక్కు పట్టణాలకు ఇష్టం లేని నిజాన్ని చెబుతుంది. టాటా స్టీల్ 2000లో జంషెడ్‌పూర్‌లో కోల్డ్ రోలింగ్ మిల్లును ప్రారంభించిన నాటి నుంచి, అంతకుముందు వేరే దేశాల నుంచి తెప్పించుకున్న నాణ్యమైన వాహనపు రేకు ఇక్కడే తయారవుతోంది. అధిక బలమున్న ఉక్కు దొరికేకొద్దీ అంతే బలానికి తక్కువ మందం సరిపోతుంది, బండి తేలికవుతుంది, ఇంధనం కలిసొస్తుంది. ఉక్కు ఇంజనీరు దృష్టిలో ఇది విజయం. ధ్వని మాత్రం రేకు బలాన్ని చూడదు, బరువునే చూస్తుంది, కాబట్టి మందం 0.8 నుంచి 0.65 మిల్లీమీటర్లకు తగ్గితే నిరోధం దాదాపు 2 డెసిబెళ్లు పోతుంది. లోహంలో ఆదా చేసిన కిలోలలో కొన్నింటిని రబ్బరు, ఫెల్ట్ రూపంలో తిరిగి బండిలోకి ఎక్కించడం వాహన పరిశ్రమలో నిత్యం సాగే బేరమే.

ఈ బేరాన్ని సొంతంగా చేయబోయేవారు తూనిక మరచిపోకూడదు. కేవలం బరువు పెంచి 100 హెర్ట్జ్ వద్ద 6 డెసిబెళ్లు సాధించాలంటే ప్రతి చదరపు మీటరుకూ మరో 6.3 కిలోలు కావాలి. నేల, తలుపులు, పైకప్పు, ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ నడుమ ఉండే రేకు గోడ) కలిపి 12 చదరపు మీటర్లుంటే అది 75 కిలోలు, అంటే ఎప్పుడూ దిగని ఒక ప్రయాణికుడు. ఇంత బరువు ఎత్తులో చేరిస్తే గట్టు మీద ఒరిగిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది గనుక పైకప్పుకు బరువైన పొరలు వేయడం జీపు తరహా వాహనంలో తప్పుడు పొదుపు.

రేకు మీద రబ్బరు

బరువుతో సాధ్యం కానిది డ్యాంపింగ్‌తో కొంత సాధ్యమవుతుంది. కంపించే రేకులోని శక్తిని వేడిగా మార్చి హరించడాన్ని డ్యాంపింగ్ అంటారు. స్టీలు కంచాన్ని చెంచాతో కొడితే ఖంగుమని మోగుతూ ఉంటుంది, వేలు ఆనిస్తే ఆగిపోతుంది. డ్యాంపింగ్ షీటు చేసేది ఆ వేలి పనే. ఉక్కుకు స్వతహాగా ఈ గుణం అత్యల్పం: ఒక్కో ఊపులో కరిగిపోయే శక్తి వాటాను తెలిపే నష్టగుణకం రేకుకు 0.001 స్థాయిలో ఉంటే, తగిన పొర అంటించిన రేకుకు అది 0.1 స్థాయికి చేరవచ్చు. అప్పుడు తలుపు మూసినప్పటి రేకు డబ్బా మోత తగ్గి గట్టి శబ్దం వస్తుంది. దుకాణంలో కొనేవారిని ఒప్పించేది కూడా తరచుగా ఆ ఒక్క ప్రదర్శనే. అయితే దానివల్ల హైవే మీద రొద ఎంత తగ్గిందనేది వేరే ప్రశ్న.

ఈ పొరల చరిత్ర ఆసక్తికరం. జర్మనీలో ఓబెర్స్ట్ 1952లో లోహపు పట్టీ మీద ఒకే మందపు పొర పూసి, అది ఎంత శక్తిని హరిస్తుందో లెక్కగట్టాడు. పొర ఎంత మందంగా, ఎంత బిరుసుగా ఉంటే అంత మేలు. 1959లో అమెరికాలో కెర్విన్ దీనికంటే తెలివైన మార్గాన్ని గణితపరంగా వివరించాడు: మెత్తని జిగురు పొర మీద పలుచని గట్టి లోహపు రేకును అంటిస్తే, కింది రేకు వంగినప్పుడు పైరేకు వంగకుండా అడ్డుపడటంతో నడుమ ఉన్న జిగురు పక్కలకు కోసుకుపోతుంది, ఆ కోతలోనే శక్తి వేడిగా మారుతుంది. ఇప్పుడు బజారులో దొరికే, ఒక వైపు బ్యుటైల్ రబ్బరు, మరో వైపు అల్యూమినియం ఫాయిల్ ఉండే షీట్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. కాబట్టి ఆ వెండిరంగు ఫాయిల్ అందానికో వేడిని వెనక్కి కొట్టడానికో కాదు. రెండు షీట్లలో రబ్బరు ఒకటే అయితే ఫాయిల్ మందంగా ఉన్నదే మంచిది, గోటితో నొక్కితే నలిగిపోయే ఫాయిల్ ఉన్న షీటు ధరలో ఎక్కువ భాగం జిగురుకే.

ఈ షీటును రేకంతా కప్పడం అనవసరం. నాలుగు అంచుల వద్ద బిగించిన రేకు నడుమ భాగంలోనే ఎక్కువగా ఊగుతుంది గనుక, మధ్య భాగంలో పావు నుంచి మూడోవంతు వరకు కప్పితే దొరకగల ప్రయోజనంలో చాలా భాగం దొరుకుతుంది. మిగతాది కప్పితే బరువు పెరుగుతుంది గాని మోత అంతగా తగ్గదు. కంపెనీలు ముందుగానే గాడులు తొక్కించి బిరుసుగా చేసిన చోట్ల షీటు వేయడం మరీ వృథా. వేళ్లతో తట్టి చూసి, మోగే చోట వేసి, మందంగా పలికే చోట వదిలేయడం చాలు. అంటించే ముందు మట్టి, నూనె పూర్తిగా తుడిచి, రోలరుతో గట్టిగా నొక్కాలి. అంటుకోని చోట డ్యాంపింగ్ ఉండదు, అక్కడ నీరు చేరి తుప్పు మొదలవుతుంది.

తారు, అంటే బిటుమెన్ షీట్లు చవక. ఫ్యాక్టరీల్లో నేల మీద పరిచి పెయింట్ ఓవెన్ వేడికి కరిగించి అతికించే షీట్లు ఈ జాతివే, అక్కడ అవి చక్కగా పనిచేస్తాయి కూడా. చల్లగా ఉన్నప్పుడు చేత్తో అంటించిన తారు షీటు సంగతి వేరు. మే నెలలో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ ఎండలో నిలిపిన బండి పైకప్పు రేకు గాలికంటే ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. తారు మెత్తబడి జారుతుంది, వాసన వస్తుంది. పైగా డ్యాంపింగ్ పదార్థం ఒక ఉష్ణోగ్రతా పరిధిలోనే బాగా పనిచేస్తుంది, దానికి పైన మరీ మెత్తబడీ కింద మరీ గట్టిపడీ తన పని మానుతుంది. ఈ ప్రాంతపు ఎండాకాలానికి బ్యుటైలే తగినది. పైకప్పుకు తారు షీటు వేయకూడదు.

ఫోమ్, ఫెల్ట్, జనపనార

గాలిలోని ధ్వనిని మింగే పదార్థాలది మూడో తరగతి. అమెరికాలోని హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ 1895లో మొదలుపెట్టిన పరిశోధనలో, ప్రతిధ్వని ఎక్కువగా ఉన్న ఉపన్యాస గదిలోకి సీటు దిండ్లను మోసుకొచ్చి, ఎన్ని దిండ్లకు ధ్వని ఎంత త్వరగా చల్లారుతుందో కొలిచాడు. శోషణం అనే భావనకు ఆ దిండ్లే పునాది. రంధ్రాలున్న మెత్తని పదార్థంలోకి చొరబడిన గాలి కణాలు నారల మధ్య ఒరిపిడికి శక్తిని కోల్పోతాయి. ఈ పని బాగా జరగాలంటే పదార్థం మందం తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు దరిదాపుల్లో ఉండాలి. 1000 హెర్ట్జ్‌కు అది 8.5 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌కు 85 సెంటీమీటర్లు. కాబట్టి ఒక సెంటీమీటరు ఫోమ్ అంటించి ఇంజను గుమ్మును ఆపుతామనడం అమ్మేవారి మాట మాత్రమే. ఆ ఫోమ్ ఈలలనూ మాటల గలగలనూ కొంత మింగుతుంది, లోపల ధ్వని ఎగసిపడకుండా చూస్తుంది, అంతే.

రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండే ఫోమ్ ధ్వనిని మింగుతుంది గాని నీటినీ అంతే ఆత్రంగా పీలుస్తుంది. రంధ్రాలు మూసుకుని ఉండే ఫోమ్ నీటిని పట్టదు గాని ధ్వనిని పెద్దగా మింగదు. ఈ రెంటి మధ్య ఎంపికే జీపు నేల విషయంలో అసలు తలనొప్పి. పాత గుడ్డల పీచుతో చేసే ఫెల్ట్, జనపనారతో చేసే ఫెల్ట్ ధ్వనిపరంగా మంచివి, చవక, పశ్చిమ బెంగాల్ జనపనార మిల్లులు ఈ ప్రాంతానికి దూరమూ కాదు. అయితే తడిస్తే ఆరడానికి రోజులు పడుతుంది, బూజు వాసన వస్తుంది. వాగులు దాటే బండి నేలకు ఇవి పనికిరావు, తడి తగలని పైకప్పు లైనింగు వెనకా, వెనుక పక్కగోడల లోపలా వాడుకోవచ్చు.

మెత్తని ఫోమ్ మీద బరువైన వినైల్ పొర వేయడం మరో పద్ధతి. రేకు ఒక గోడ, వినైల్ రెండో గోడ, నడుమ ఫోమ్ స్ప్రింగు. ఈ జంట గోడ పై పౌనఃపున్యాల్లో ఒక్క గోడ కంటే ఎంతో ఎక్కువగా ఆపుతుంది. అయితే దీనికొక మెలిక ఉంది. 0.8 మిల్లీమీటర్ల రేకు, చదరపు మీటరుకు 5 కిలోల వినైల్, నడుమ ఒక సెంటీమీటరు ఫోమ్ ఉంటే, ఆ స్ప్రింగు మీద రెండు గోడలూ ఎదురెదురుగా ఊగే అనునాదం 300 నుంచి 360 హెర్ట్జ్ మధ్య వస్తుంది, అక్కడ నిరోధం పెరగకపోగా తగ్గుతుంది కూడా. ఫోమ్ మందం పెంచితే ఈ బలహీనత కిందికి జరుగుతుంది. వినైల్‌ను రేకుకు నేరుగా అంటిస్తే స్ప్రింగే ఉండదు, అప్పుడు అది వట్టి బరువు. నేల కార్పెట్ కింద, ఫైర్‌వాల్ మీద ఈ జంట పద్ధతి చక్కగా పనిచేస్తుంది. మరెక్కడా దాని ఖర్చూ బరువూ గిట్టవు.

ఎర్రదుమ్ము చూపే కంతలు

ఇన్ని పదార్థాలకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది, అది చౌక కూడా: కంతలు మూయడం. గోడ ఎంత మంచిదైనా దాని వైశాల్యంలో 0.1 శాతం ఖాళీ ఉంటే నిరోధం 30 డెసిబెళ్లను దాటదు, ఒక శాతం ఉంటే 20ని దాటదు. ఒక చదరపు మీటరు ఫైర్‌వాల్‌లో 0.1 శాతం అంటే పది చదరపు సెంటీమీటర్లు, అంటే స్టీరింగు రాడ్డు, క్లచ్ కేబులు, వైర్ల గుత్తి వెళ్లే చోట్ల పగిలిన రబ్బరు గ్రొమెట్లన్నీ కలిస్తే వచ్చేంత ఖాళీ. గేర్ లీవర్ చుట్టూ ఉండే రబ్బరు బూటు చిరిగితే కథ అంతే. దాని కిందే గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు పాడుతూ ఉంటాయి.

కంతలు వెతకడానికి నోవాముండీ, చాయిబాసా దారుల ఎర్రదుమ్ము మంచి సాధనం, ఎందుకంటే గాలి వచ్చే దారినే శబ్దం వస్తుంది, ఆ దారినే దుమ్మూ వస్తుంది. నాలుగు రోజులు గని దారుల్లో తిరిగిన బండి తలుపులు తెరిచి, బీడింగ్ మీద, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ మీద, ఎర్రటి గీత ఎక్కడ లోపలి అంచును దాటిందో చూస్తే తలుపు సరిగా కూర్చోని చోటు బయటపడుతుంది. కార్పెట్ ఎత్తితే కాళ్ల దగ్గర దుమ్ము కుప్పపడిన మూల ఫైర్‌వాల్ కంతను చూపుతుంది. అటువంటి చోట కొత్త బీడింగ్, కొత్త గ్రొమెట్, తలుపు కీలు సవరణ చేస్తే వచ్చే మార్పు, అదే తలుపుకు రెండు పొరల షీట్లు వేసినా రాదు. దుమ్ము తగ్గడం అదనపు లాభం.

చెవి రక్షణ కోణంలో కూడా బండి లోపలి రొద చిన్న విషయం కాదు. దేశంలో గనుల భద్రతను చూసే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ మైన్స్ సేఫ్టీ 1975లో 85 డెసిబెళ్లను హెచ్చరిక స్థాయిగా, 90ని ప్రమాద స్థాయిగా నిర్దేశించింది. గనిలో పనిచేసేవారి చెవి యంత్రాల దగ్గర గడిపిన గంటలతో పాటు, గనికి వెళ్లి రావడానికి బండిలో గడిపిన గంటలనూ భరించవలసిందే. ఆ ప్రయాణంలో అద్దాలు దించుకుని అరుచుకుంటూ మాట్లాడుకోవడం మామూలయిపోయిన చోట ఈ లెక్కను ఎవరూ వేయరు.

నీరు, వేడి, నిప్పు, కొలత

జీపు తరహా బండిలో ప్రతి పదార్థమూ నీరు, వేడి, నిప్పు అనే మూడు పరీక్షలకు నిలవాలి. నేల రేకులో నీరు పోవడానికి ఉంచిన రంధ్రాలనూ తలుపుల అడుగున ఉన్న చిల్లులనూ షీటుతో మూయకూడదు. మూస్తే వానాకాలం నీరు లోపలే నిలిచి తలుపు అడుగు కుళ్లిపోతుంది. ఎగ్జాస్టు పైప్ మీదుగా పోయే నేల భాగంలో, ఇంజను గది లోపల, అగ్నిని తట్టుకునే పదార్థం తప్ప మరొకటి వాడకూడదు. వాహనం లోపలి పదార్థాల మీద మంట నిమిషానికి ఎంత దూరం పాకవచ్చో అమెరికా భద్రతా ప్రమాణం 302 పరిమితి విధించింది, అది 102 మిల్లీమీటర్లు. ప్యాకింగు కోసం చేసిన చవక ఫోమ్‌కు అటువంటి హామీ ఉండదు, అగ్గిపుల్లకే అంటుకుంటుంది. సీటు కింది వైర్ల మీదా, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల మీదా ఏమీ అంటించకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఫలితాన్ని కొలవడంలో ఫోన్ యాప్‌లను పూర్తిగా నమ్మకూడదు. అవి సాధారణంగా చూపే ఎ-తూనిక కొలత మనిషి చెవి స్పందనను అనుకరిస్తూ 100 హెర్ట్జ్ ధ్వనిని 19 డెసిబెళ్లు తగ్గించి లెక్కిస్తుంది, అందువల్ల తలనొప్పి తెప్పించే గుమ్ము ఉన్నా అంకె బాగానే కనిపించవచ్చు. వాహనం లోపలి ధ్వని కొలతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5128 మైకును సీటు మీద 0.7 మీటర్ల ఎత్తులో, అంటే కూర్చున్న మనిషి చెవి స్థానంలో ఉంచమంటుంది. ఇంట్లో పోల్చుకునేవారు కనీసం అదే రోడ్డు, అదే గేరు, అదే వేగం, అదే టైరు గాలి, ఏసీ ఆపి, అద్దాలు మూసి ముందూ తరువాతా కొలిస్తే ఆ అంకెల తేడాకు అర్థం ఉంటుంది.

గమ్హరియా పరిసరాల్లో తిరిగే బండికి పని క్రమం ఇలా ఉండాలి: మొదట బుష్‌లు, మౌంటులు, బీడింగ్, గ్రొమెట్లు, తరువాత టైర్ల ఎంపిక, ఆ తరువాత నేల, తలుపులు, చక్రాల పైభాగపు రేకుల మీద మోగే చోట మాత్రమే బ్యుటైల్, చివరిగా డబ్బు మిగిలితే ఫైర్‌వాల్‌కూ నేలకూ ఫోమ్ మీద వినైల్. గుడ్డ టాపు ఉన్న బండిలో మూడో అంచె దాటి ఖర్చు పెట్టడం దండగ. ప్రతి అంచె తరువాతా అదే రోడ్డు మీద నడిపి చూసుకోవాలి, తేడా చాలనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. పని ఎక్కడ ఆపినా, వర్షాకాలం ముగిశాక ఒకసారి కార్పెట్ ఎత్తి, షీట్ల అంచుల కింద తుప్పు ఉందేమో తప్పక చూడాలి.